వంటింటి కుండయు బలిపీఠపు పాత్రయు

చదువవలసిన భాగములు: జెకర్యా 14:20–21, లూకా 10:38–42, కొలొస్స. 3:17, 3:22 నుండి 4:1 వరకు; యాకోబు 5:4.
కంఠస్థము చేయవలసిన వచనము: కొలొస్స. 3:23.



ఆదివారము ఆరాధన ముగిసి, గుడి గుమ్మమునొద్ద ఒకరినొకరు పలుకరించుకొను వేళ మనలో అనేకులు చెప్పు మాట యొకటి కలదు. "అయ్యగారూ, మీరు దేవుని పని చేస్తున్నారు. మాదేముందండి? తెల్లారితే పొలం, పొద్దుగూకితే పొయ్యి." ఈ మాటలో వినయమున్నది, అలసటయు ఉన్నది. అయితే ఒక పొరపాటు కూడ ఇందులో దాగియున్నది. పొలమును పొయ్యియు దేవునివి కాకపోయినయెడల, వారములో ఒక్క పూట మాత్రమే దేవునిదై, తక్కిన దినములన్నియు ఎవరికిని చెందని దినములగును. నాట్లు వేయు స్త్రీ, గొడ్లు కాచు పెద్దాయన, ఇటుకలు మోయు కూలివాడు, బడి పిల్లలకు మధ్యాహ్న భోజనము వండు తల్లి, వీరి ఆయుష్కాలములో అధిక భాగము దేవునికి దూరముగా గడిచిపోవుచున్నదని ఒప్పుకొనవలసి వచ్చును. వాక్యము అట్లు చెప్పుట లేదు.

ఈ నెల పాఠమునకు మేము రోమను కథోలిక సంఘ చరిత్రనుండి కొందరి జీవితములను తీసికొంటిమి. బోధలో వారికిని మనకును గల భేదములు మన సంఘస్థులకు తెలియును, వాటినిక్కడ చర్చింపబోము. మంచి ధాన్యము ఎవరి కళ్లములో కనబడినను ధాన్యమే. చిన్న పనిని దేవుని యెదుట చేయుట ఎట్లో ఆ సంఘములో కొందరు తమ దినదిన జీవితములో చూపించిరి. వారియొద్ద మనము నేర్చుకొనవలసినదియు, వారి కథలో మనము జాగ్రత్తపడవలసినదియు రెండును కలవు.

1. పనిముట్లను పూజ్యముగా చూచిన నియమము

బెనెడిక్టు అను భక్తుడు సుమారు 480 సంవత్సరమున ఇటలీ దేశములో పుట్టెను. వివాహమును సొంత ఆస్తియు విడిచి, కలిసి ప్రార్థించుచు కలిసి జీవించు మనుష్యులకొరకు ఆయన మోంటే కాసినో అను కొండమీద సుమారు 529లో ఒక మఠము స్థాపించెను. వారు నడుచుకొనవలసిన విధమును చిన్న పుస్తకముగా వ్రాసెను. ఆనాటి రోమా లోకములో చేతిపని బానిసలకు తగినదే గాని గొప్పింటివారికి తగినది కాదని తలంచువారు మెండు. బెనెడిక్టు తన మఠములో ప్రార్థనకు గంటలు ఏర్పరచినట్లే చేతిపనికిని గంటలు ఏర్పరచెను. సోమరితనము ఆత్మకు శత్రువని ఆయన అభిప్రాయము.

ఆ నియమములో మూడు సంగతులు మనకు ముఖ్యము. మొదటిది, మఠపు సామాను చూచువాడు అక్కడి పాత్రలను, పనిముట్లను బలిపీఠపు పాత్రలను చూచినంత భక్తితో చూడవలెనని యున్నది. పార, గరిటె, బిందె, వీటిని పారవేయరాదు, పాడుచేయరాదు. రెండవది, వంటశాల సేవ వంతులవారీగా వారమునకు కొందరిది. రోగియైననేమి, మరి ముఖ్యమైన బాధ్యతలో ఉన్ననేమి, అట్టివారికి తప్ప ఎవరికిని ఆ సేవనుండి మినహాయింపు లేదు. వారము ముగియునప్పుడు ఆ వంతువారు అందరి పాదములు కడుగవలెను. మూడవది, చేతిపనిలో నేర్పరియైనవాడు తన నేర్పును చూచుకొని గర్వించినయెడల, అతడు తగ్గించుకొనువరకు ఆ పనినుండి తొలగింపబడవలెను.

ఈ మాటలు చదువునప్పుడు మనకు జెకర్యా ప్రవచనపు కడపటి వచనములు జ్ఞాపకము వచ్చును. ప్రధానయాజకుని పాగామీద బంగారు రేకున చెక్కబడిన మాట (నిర్గమ. 28:36) ఆ దినమున గుఱ్ఱముల కళ్లెములమీదను వ్రాయబడునని ప్రవక్త చెప్పుచున్నాడు. అంతటితో ఆగక, యెరూషలేములోను యూదాలోను ఉన్న ప్రతి పాత్రయు ప్రభువుకు ప్రతిష్ఠితమగుననుచున్నాడు. గమనింపుడి! యాజకుని నొసటి మాట గుఱ్ఱపు కళ్లెమునకు దిగివచ్చినది. బలిపీఠమునొద్దనున్న పవిత్రత వంటింటిలోని కుండవరకు నడిచివచ్చినది. దేవుని పరిశుద్ధత గుడి గోడలలో నిలిచిపోవునది కాదు. అది ఇంటింటికిని వచ్చునది.

2. వంటశాలలో లారెన్సు

ఇప్పుడు బెనెడిక్టు కాలమునుండి వెయ్యేండ్లు దాటి, ఫ్రాన్సు దేశపు ముఖ్యపట్టణమగు పారిసునకు వచ్చెదము. అక్కడ కార్మెలు మఠములో లారెన్సు అను సహోదరుడుండెను. లారెన్సు అనునది మఠములో పెట్టిన పేరు. పుట్టినప్పటి పేరు నికోలా ఎర్మాన్. 1614లో లొరెయిను సీమలో బీదల యింట పుట్టెను. పదునెనిమిదవ యేట, చలికాలములో ఒకనాడు, ఆకులన్నియు రాలి మోడై నిలిచిన చెట్టునొకదానిని చూచెను. కొంతకాలమునకు ఈ మోడే చిగిర్చును, పూయును, కాయును గదా యని తలంచెను. ఆ తలంపుతోనే దేవుని శక్తియు దయయు ఆయన హృదయమునకు తగిలినవి. మోడువారిన చెట్టు చిగిర్చుట ఏటేట చూచు మనకు ఈ సంగతి చక్కగా తెలియును. అయితే దానిని చూచి మనలో ఎందరము దేవుని తలంచితిమి?

ఆ దినములలో యూరపులో ముప్పదియేండ్ల యుద్ధము సాగుచుండెను. ఆయన సైనికుడాయెను, గాయపడి కుంటివాడాయెను. తరువాత ఒక పెద్దమనుష్యుని యింట సేవకుడుగా నుండెను. ముట్టినదెల్ల పగులగొట్టు మోటువాడనని తన్ను గూర్చి తానే చెప్పుకొనెడివాడు. 1640లో మఠములో చేరెను. అక్కడ చదువుకొని గురువులైనవారు కొందరు, ఇంటి పనిపాటలు చూచు సహోదరులు కొందరు ఉండిరి. లారెన్సు రెండవ వరుసవాడు. ఆయనకు వంటశాల అప్పగింపబడెను.

ఆయనకు వంట పనియన్న ఇష్టము లేదు. ఈ సంగతి మనము మరువరాదు. ఇష్టమైన పనిని దేవునికొరకు చేయుచున్నామని చెప్పుట సులభము. లారెన్సు ఇష్టములేని పనిలో సుమారు పదునైదేండ్లు గడిపెను. అంత ప్రయాసపు పనిలో దేవుని సన్నిధిని ఎట్లు నిలుపుకొనెను? ఆయన మార్గములో మర్మమేమియు లేదు. పని మొదలుపెట్టుటకు ముందు సహాయము చేయుమని దేవుని అడుగును. పని చేయుచుండగా ఎదుటనున్న తండ్రితో మాటలాడినట్లు నడుమనడుమ సామాన్యమైన మాటలతో దేవునితో మాటలాడును. పని ముగిసినప్పుడు తన్ను పరీక్షించుకొనును. చక్కగా చేసియుండిన వందనములు చెల్లించును. చెడగొట్టియుండిన క్షమాపణ వేడుకొని, దిగులుపడి కూర్చుండక తిరిగి దేవుని తట్టు తిరుగును. పెనముమీద అట్టును తిరుగవేయుటయైనను, నేలనుండి గడ్డిపోచ తీయుటయైనను దేవునియందలి ప్రేమచేత చేయవచ్చునని ఆయన చూపెను. ప్రార్థన వేళకును గిన్నెల మోత నడుమ పని వేళకును ఆయన మనస్సులో భేదము లేకపోయెను.

ఈ స్థితి ఒక్క దినమున వచ్చినది కాదు. మొదటి పదియేండ్లు మిక్కిలి వేదనపడితినని ఆయనయే చెప్పెను. తాను నశించిపోవుదునేమో యను భయము కొన్ని యేండ్లు ఆయనను వెంటాడెను. ప్రార్థింప కూర్చున్న మన మనస్సు మేకలవలె నలుదిక్కుల పోవుచున్నప్పుడు మనమొక్కరమే ఇట్టివారము అనుకొనరాదు. లారెన్సు మనస్సును తప్పిపోయెడిది. ఆయన దానిని తిట్టక, మెల్లగా మళ్లించుకొని వచ్చెడివాడు.

ఒకప్పుడు మఠమునకు ద్రాక్షారసము కొనుటకు ఆయనను బుర్గుండీ సీమకు పంపిరి. బేరసారములు ఆయనకు తెలియవు. పైగా కుంటివాడు, పడవలో నడువలేక పీపాలమీద దొర్లుకొనుచు పోవలసి వచ్చెను. ఆ పనిని సహా దేవునికి అప్పగించి చేసితిననియు, అది చక్కగా నెరవేరెననియు ఆయన చెప్పెను. సంతకు పోవుట, బేరమాడుట, సరకు దింపుట కూడ దేవుని సన్నిధిలో చేయదగిన పనులే.

కాలి నొప్పి అధికమైనప్పుడు వంటశాల విడిచి, మఠములోనివారి చెప్పులు కుట్టు పనిలో కూర్చుండెను. ఇచ్చట మనము కొంచెము ఆగవలెను. మన గ్రామములలో తోలుపని చేయువారిని ఊరి వెలుపల ఉంచిన దినములు మనమెరుగుదుము. ఆ తలంపు నేటికిని కొందరి మనస్సులనుండి పోలేదు. అయితే పండితులును సంఘాధికారులును ఆలోచన అడుగవచ్చిన ఈ దైవజనుడు చెప్పులు కుట్టుచుండెను. 1666 ఆగస్టు 3వ తేదీని జోసెఫు ద బోఫోరు అను గురువు మొదటిసారి ఆయనను కలిసి, ఆయన మాటలను వ్రాసికొనెను. అపొస్తలుల కాలములోను ఇట్లే జరిగెను. యొప్పేలో పేతురు ఎవరి యింట బస చేసెను? చర్మకారుడైన సీమోను ఇంట (అపొ. 9:43). కొర్నేలీ యింటికి పోవు త్రోవ ఆ చర్మకారుని గుమ్మమునుండియే బయలుదేరెను. తోలు వాసన దేవుని పరిశుద్ధాత్మకు అడ్డము కాలేదు.

లారెన్సు 1691 ఫిబ్రవరి 12న నిద్రించెను. ఆయన మాటలును ఉత్తరములును 1692లోను 1694లోను పుస్తకములుగా వెలువడెను. ప్రొటెస్టంటులు ఈ చిన్న పుస్తకమును మిక్కిలి ప్రేమించిరి. జాన్ వెస్లీగారు తన క్రైస్తవ గ్రంథమాలలో దానిలోని భాగములను చేర్చిరి. వంటవాని మాట మఠపు గోడ దాటినది, సంఘ భేదములనుకూడ దాటినది.

కొందరు మార్త కథను చూపి, వంట తక్కువది, ప్రార్థన ఎక్కువదని చెప్పుదురు. లూకా 10:41 మరల చదువుడి. ప్రభువు మార్త వంటను గద్దింపలేదు. ఆమె విచారమును, తొందరను, చెల్లెలిమీది ఫిర్యాదును గద్దించెను. లారెన్సు మార్త వంటింటిలోనే నిలిచి మరియ హృదయముతో పని చేసెను. అయితే ఆయన ప్రార్థన వేళను విడిచిపెట్టలేదని కూడ గుర్తింపుడి. "నా పనే నా ప్రార్థన" అని చెప్పి ఆదివారము ఆరాధన మానువానికి లారెన్సు సాక్ష్యము పనికిరాదు. మోకాళ్లమీద దేవునితో మాటలాడనివాడు పొయ్యి ప్రక్కను మాటలాడలేడు.

3. బట్టలు ఉతుకు చోట తెరేసా

ఫ్రాన్సులోనే లిసియు పట్టణపు మఠములో 1888లో తెరేసా అను పదునైదేండ్ల బాలిక చేరెను. క్షయవ్యాధిచేత 1897లో, ఇరువది నాలుగేండ్లకే మరణించెను. ఆమె ఊరు కట్టలేదు, దండు నడుపలేదు, దూరదేశమునకు పోలేదు. చిన్న సంగతులను ప్రేమతో చేయుటయే ఆమె మార్గము. ఒకనాడు మఠపు స్త్రీలు బట్టలు ఉతుకుచుండగా, ఎదుటి సహోదరి గుడ్డను బాదినప్పుడెల్ల మురికి నీరు తెరేసా ముఖముమీద పడుచుండెను. వెనుకకు జరిగి ముఖము తుడుచుకొనవలెనని ఆమెకు తోచెను. అట్లు చేసిన ఆ సహోదరికి సిగ్గు కలుగును. తెరేసా జరుగక, దానిని సంతోషముగా ఓర్చుకొనెను.

ఇది మిక్కిలి చిన్న సంగతి. అయితే చెరువు గట్టుననైనను, కుళాయియొద్దనైనను నీళ్లకొరకు బిందెలు వరుస పెట్టిన చోట మన సంఘ స్త్రీల నోట ఎట్టి మాటలు వచ్చునో ఆలోచించినప్పుడు అది ఎంత పెద్ద సంగతియో తెలియును. పెద్ద త్యాగము చేయు అవకాశము ఆయుష్కాలములో ఒకటి రెండుమారులు వచ్చును. మురికి నీటి చుక్కలు ప్రతి దినము పడును. తెరేసా వ్రాసిన జీవితకథ 1898లో అచ్చుపడెను. 1997లో కథోలిక సంఘము ఆ యువతిని మహా బోధకుల వరుసలో చేర్చెను.

4. ఇది మఠవాసులకు మాత్రమేనా?

చదువరులు అడుగవచ్చును: "వారందరు పెండ్లి పిల్లలు లేనివారు. మా బాధ వారికేమి తెలియును?" ఈ ప్రశ్న న్యాయమైనది. పవిత్ర జీవితము మఠవాసులకే ముఖ్యముగా చెందినదని యూరపులో ప్రజలు చాలకాలము తలంచిరి. మార్టిన్ లూథరుగారు ఈ తలంపును గట్టిగా ఎదిరించిరి. తండ్రి విశ్వాసముతో తన పసిబిడ్డ గుడ్డలు ఉతుకుట దేవునికి ప్రీతికరమైన కార్యమని ఆయన 1522లో వ్రాసెను. ఈ విషయములో దిద్దుబాటు కథోలిక సంఘములోను కలిగినది. 1955లో పోపు పన్నెండవ పయస్ మే 1వ తేదీని కార్మికుడైన యోసేపు జ్ఞాపకార్థ దినముగా నియమించెను. 1964లో రెండవ వాటికన్ మహాసభ, ఏ స్థితిలోనున్నను విశ్వాసులందరు పరిశుద్ధతకు పిలువబడినవారేయని ప్రకటించెను. 1981లో పోపు రెండవ జాన్ పాల్ మనుష్యుని పనిని గూర్చియే ఒక లేఖ వ్రాసెను. ఆయన యౌవనమున, జర్మను సైన్యము పోలండు దేశమును ఆక్రమించిన దినములలో, రాతి గనిలోను రసాయనముల కర్మాగారములోను కూలి పని చేసినవాడు.

ఈ సాక్ష్యములన్నిటికంటె నజరేతులోని సాక్ష్యము గొప్పది. మన ప్రభువు వడ్లవాడని పిలువబడెను (మార్కు 6:3). ఇంచుమించు ముప్పది యేండ్లవాడై పరిచర్య మొదలుపెట్టెను (లూకా 3:23). యొర్దానునొద్ద ఈ కుమారునియందు తండ్రికి ఆనందము కలదను స్వరము వినబడునాటికి ఆయన ఒక అద్భుతము చేసినట్టుగాని, ఒక ప్రసంగము చేసినట్టుగాని వ్రాయబడలేదు. తల్లిదండ్రులకు లోబడి ఆయన పెరిగిన ఆ మరుగు సంవత్సరములనుకూడ తండ్రి చూచెను, సంతోషించెను. పునరుత్థానుడైన తరువాతనో? అలసిన జాలరులకొరకు గట్టున నిప్పులు వేసి, చేపయు రొట్టెయు సిద్ధపరచెను (యోహాను 21:9). మరణమును జయించిన చేతులు ఉదయపు ఆహారము సిద్ధపరచినవి.

5. చీపురు పట్టిన మార్టిను: మనకొక హెచ్చరిక

ఇంతవరకు చెప్పినదానిని దుర్వినియోగము చేయువారు కలరు. కనుక ఇంకొకని కథ చెప్పవలసియున్నది. దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున లీమా పట్టణములో 1579లో మార్టిన్ ద పొర్రెస్ పుట్టెను. తండ్రి స్పెయిను దొర; తల్లి బానిసత్వమునుండి విడిపింపబడిన నల్లజాతి స్త్రీ. మార్టిను మంగలి పనియు, దానితోకూడ ఆనాటి వైద్యమును నేర్చుకొని, డొమినికను మఠములో సేవకుడుగా చేరెను. ఊడ్చెను, బట్టలు ఉతికెను, రోగులకు కట్లు కట్టెను. బానిసలను, బీదలను, ఏ జాతివారినైనను ఒక్క తీరుననే ఆదరించెను. 1639లో మరణించెను. నేటికిని ఆయన పటములలో ఆయన చేతిలో చీపురు కనబడును.

అయితే ఆయన చేతికి చీపురే ఎందుకు వచ్చెను? నల్లవారి సంతతికిని ఆ దేశపు ఆదివాసుల సంతతికిని మఠములో పూర్తి సభ్యత్వము ఇయ్యరాదను కట్టడి అప్పుడు అక్కడ ఉండెను. మార్టిను ప్రేమ పవిత్రమైనది. ఆ కట్టడి పవిత్రమైనది కాదు. దేవుడు చీపురును ఘనపరచెను గాని, చర్మపు రంగు చూచి చీపురు పంచిపెట్టిన మనుష్యుల న్యాయమును ఘనపరచలేదు. ఆయనను పునీతుడని కథోలిక సంఘము 1962లో ప్రకటించెను. చనిపోయిన మూడు వందల యేండ్లకు పైగా గడిచిన తరువాత ఆ ఘనత వచ్చెను.

ఈ భేదమును మనము మిక్కిలి జాగ్రత్తగా పట్టుకొనవలెను. "నీ పని పవిత్రము" అను మాట పనివానితో చెప్పుటకు ముందు, అతని కూలి చెల్లించితిమా? కోత కోసినవారి కూలి బిగబట్టినయెడల అది మొఱ్ఱపెట్టుననియు, ఆ కేక ప్రభువు చెవులలో చొచ్చుననియు యాకోబు వ్రాసెను (5:4). ప్రొద్దు గ్రుంకకముందే కూలి ఇయ్యవలెనని మోషే ధర్మశాస్త్రము నియమించినది (ద్వితీ. 24:15). ఊరక పని చేయించుకొని మేడలు కట్టువానికి యిర్మీయా శ్రమ ప్రకటించెను (22:13). కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో దాసులతో మాటలాడిన పౌలు, వెంటనే 4:1లో యజమానుల తట్టు తిరిగి న్యాయము చేయుమనెను. మొదటి మాట చదివి రెండవ మాట దాచువాడు వాక్యమును సగము చింపివేసినవాడు.

పని పవిత్రము గనుక పనివాని బిడ్డ అదే పనిలో ఉండవలెనని కాదు. చెప్పులు కుట్టువాని కుమార్తె వైద్యురాలు కావచ్చును. అందువలన తండ్రి పని నీచమైనదని ఋజువు కాలేదు. మరియు కొన్ని పనులు మనుష్యునిచేత చేయింపదగనివే. చేతులతో మలమెత్తు పనిని మన దేశములో 1993లోను, మరల 2013లోను చట్టములు నిషేధించినవి. అట్టి పనిని సేవయని పొగడి మనుష్యుని అందులోనే నిలుపువాడు పవిత్రతను బోధించుట లేదు. దేవుని స్వరూపమును త్రొక్కుచున్నాడు.

మన సంఘములనుకూడ పరీక్షించుకొందము. క్రిస్మసు ప్రేమవిందులో ఎవరు వండుచున్నారు? ఎవరు గిన్నెలు తోముచున్నారు? ఎవరు ముందు కుర్చీలలో కూర్చుండి వడ్డింపించుకొనుచున్నారు? ఏటేట ఆ చేతులే గిన్నెలు తోమి, ఈ చేతులే దండలు వేయించుకొనుచున్నయెడల, పని పవిత్రమని మనము నోటితో చెప్పుచున్నాము గాని నమ్ముట లేదు.

6. మనము చేయదగినది

మొదట, పనికి ముందు ఒక మాట, నడుమ ఒక మాట, తరువాత ఒక మాట దేవునితో చెప్పుట అలవరచుకొందము. పొయ్యి వెలిగించునప్పుడు ఒక చిన్న మాట. కలుపు తీయుచు సాలు చివరకు వచ్చి నడుము చాపినప్పుడు ఒక మాట. రాత్రి పండుకొనబోవునప్పుడు ఒక మాట. దీనికి చదువు అక్కరలేదు, తీరికయు అక్కరలేదు.

రెండవది, దేవుని యెదుట చేయు పని నాణెమైన పనిగా నుండవలెను. మేస్త్రీ చూచుచున్నప్పుడు ఒక విధముగాను, అతడు తిరిగినప్పుడు ఒక విధముగాను చేయు పనిని పౌలు కొలొస్స. 3:22లో ఖండించుచున్నాడు. నీళ్లు కలుపని పాలు, సరియైన తూనిక, గట్టిగా వేసిన కుట్టు, ఇవియు సాక్ష్యములే. మన కీర్తన విననివాడు మన తూనికను చూచును.

మూడవది, సంఘములో తక్కువ పనులను వంతులవారీగా పంచుకొందము. గుడి ఊడ్చుట, దీపములు చూచుట, విందు గిన్నెలు కడుగుట పెద్దల వంతునకును రావలెను. బెనెడిక్టు మఠములో ఇది నియమమాయెను. మేడగదిలో తువాలు నడుమునకు కట్టుకొన్న ప్రభువు (యోహాను 13:4) మనకంతకంటె ముందే దీనిని నియమించెను.

కడపట ఒక మాట. ఈ పనులచేత మనము రక్షణ సంపాదించుకొనము. కృపచేతనే రక్షింపబడి, సత్క్రియలకొరకు క్రొత్తగా చేయబడితిమి (ఎఫెసీ. 2:8–10). బిడ్డ తల్లికి నీళ్లు తెచ్చునది బిడ్డయగుటకొరకు కాదు, బిడ్డయైయున్నందున. అట్లే మనమును.

కాబట్టి వచ్చు ఆదివారము గుమ్మమునొద్ద ఎవరైనను "మాదేముందండి?" అనినయెడల, లారెన్సు పెనమును, మార్టిను కట్టిన కట్లను, గట్టున ప్రభువు వేసిన నిప్పులను వారికి జ్ఞాపకము చేయుదము. మీదియు దేవుని పనియే. మీ కుండమీదను ఆయన పేరు వ్రాయబడియున్నది.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. జెకర్యా 14:20–21లో ఏయే వస్తువులు పేర్కొనబడినవి? మీ యింటిలో వాటికి సమానమైనవి ఏవి?
2. లారెన్సునకు వంట పని ఇష్టము లేదు. మీకు ఇష్టములేని పని ఏది? దానిని దేవుని యెదుట ఎట్లు చేయగలరు?
3. మార్తయొద్ద ప్రభువు గద్దించినదేమి? గద్దింపనిదేమి?
4. పనిని గౌరవించుటకును, పనివానిని అదే స్థితిలో నిలిపియుంచుటకును గల భేదమేమి?
5. మన సంఘములో ఏ పని ఎల్లప్పుడు కొందరిమీదనే పడుచున్నది? ఈ నెలలో దానిని ఎట్లు పంచుకొందము?

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, నీ కుమారుడు వడ్లవాని యింట పెరిగినందులకు వందనములు. మా చేతులలోని కొడవలిని, చీపురును, గరిటెను, సూదిని నీవు చూచుచున్నావు. ఇష్టములేని పనిలో మాతోనుండుము. మేము చిన్నచూపు చూచిన చేతులకొరకును, ఆలస్యముచేసిన కూలికొరకును మమ్మును క్షమించుము. మా యింటి ప్రతి పాత్రయు నీదియగునట్లు మా హృదయములను నీవిగా చేసికొనుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.